ఒక పొయ్యి, ఒక కుటుంబం

మా పరిశోధన కేంద్రంలో ఈ మధ్య కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు మార్కాపురంలో మా ఇంటికి వచ్చి, "మేడమ్, మీ అనుభవాలు రాసివ్వండి, మాకు పనికొస్తాయి" అన్నారు. నేను రిటైరై మూడేళ్లయింది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి రాయలేదు. ఇప్పుడు అడిగారు కాబట్టి రాస్తున్నాను. నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడుకుంది, అవన్నీ రాయను. రాసినా మీరు చదవరు.

ముందే ఒక మాట. నేను ప్రొఫెసర్ని కాను. ఎకనామిక్స్‌లో బి.ఏ. చదివి, ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపే ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. ఆ తర్వాత ఫారాలు నింపే వాళ్లను తిప్పే సూపర్‌వైజర్‌నయ్యాను. పుస్తకాల మీద పేర్లు సార్లవి. నా పేరు మూడో పేజీలో చిన్న అక్షరాల్లో, 'క్షేత్ర సహకారం' అన్న మాట పక్కన ఉంటుంది. నాకు అది చాలు. ఆ చిన్న అక్షరాలు తప్పయితే పైన ఉన్న పెద్ద అక్షరాలన్నీ తప్పేనని సార్లకూ తెలుసు, నాకూ తెలుసు.

పని అంటే ఏమిటి

ఊళ్లలో మనల్ని సర్వే వాళ్లంటారు. భూమి కొలిచే వాళ్లనుకుని కొందరు పాసుపుస్తకాలు తెచ్చి చూపిస్తారు. రేషన్ కార్డు ఇప్పిస్తామనుకుని ఇంకొందరు ఆధార్ తెస్తారు. మేం ఏమీ ఇప్పించలేమమ్మా అని చెప్పాక కూడా మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, గంటన్నర సేపు మన ప్రశ్నలకు జవాబు చెప్పే మనుషులు ఉన్నారు. వాళ్లు ఉండబట్టే ఎకనామిక్స్ అనే శాస్త్రం నడుస్తోంది. ఈ సంగతి సార్లు ఎక్కడా రాయరు, అందుకని నేను రాస్తున్నాను.

మనం అడిగేవి ఎలాంటి ప్రశ్నలు? నిన్న ఏం తిన్నారు, పోయిన నెలలో ఎన్ని రోజులు పనికి పోయారు, ఇంట్లో ఎవరు ముందు తింటారు, ఎవరు ఆఖరున తింటారు. సొంత ఆడపడుచు అడిగినా విసుక్కునే సంగతులివి. అందుకే కొన్ని మర్యాదలున్నాయి. వాళ్లు కింద కూర్చుని మీకు కుర్చీ వేస్తే, కుర్చీలో కూర్చోకండి. కుర్చీలో కూర్చున్న మనిషికి జనం ఏం చెప్పాలో అదే చెబుతారు, ఉన్నది చెప్పరు. సజ్జ రొట్టె పెడితే తినండి. డైటింగ్ అని అనకండి. పత్తి తీసే రోజుల్లో పొద్దున పోతే ఊళ్లో కోళ్లు తప్ప ఎవరూ దొరకరు, సాయంత్రం పోండి. ఇవి ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

తర్లుపాడు బస్టాండులో నింపిన రెండు ఫారాలు

నా మొదటి బాస్ విశ్వనాథం గారు. గుంటూరు వైపు మనిషి. ఎండ పొడ గిట్టేది కాదు. తలకు తువ్వాలు చుట్టుకుని జీపులోంచే ఊరు చూసేవారు. ఇన్వెస్టిగేటర్లమంతా చాటున నవ్వుకునే వాళ్లం. కానీ ఫారం చేతిలోకి తీసుకుంటే మాత్రం ఆయన కంటిని తప్పించుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

చేరిన మొదటి ఏడాది, మే నెల. తర్లుపాడు దగ్గర ఒక ఊళ్లో ఇంకా రెండిళ్లు మిగిలాయి. ఆకలి, తలనొప్పి, బస్సు వచ్చే వేళయింది. బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఆ రెండు ఫారాలూ నేనే నింపేశాను. అనుమానం రాకుండా చాలా జాగ్రత్తగా నింపాను. మొగుడికి నలభై మూడు, పెళ్లానికి ముప్పై ఏడు, పిల్లలకు పదమూడు, తొమ్మిది.

మర్నాడు విశ్వనాథం గారు ఫారాల కట్టలోంచి ఆ రెండే తీసి నా ముందు పెట్టారు. "అమ్మాయ్, ఈ ఊళ్లో వయసు అడిగితే ముప్పై ఏడు అని ఎవరన్నా చెబుతారా? నలభై అంటారు, నలభై ఐదు అంటారు. లేకపోతే మా పెద్దోడి పెళ్లికి ఇంత ఉంటాయి అంటారు. నీ రెండిళ్లలో మాత్రం అందరికీ పుట్టినరోజులు తెలుసా?"

అరుస్తారనుకున్నాను, అరవలేదు. "వెళ్లి ఆ రెండిళ్లకీ క్షమాపణ చెప్పి, ఫారాలు నింపుకుని రా" అన్నారు.

"వాళ్లకు తెలియదు కద సార్."

"నీకు తెలుసుగా."

పోయాను. మొదటి ఇంట్లో ఆవిడకు సంగతంతా చెప్పి, తప్పయిందమ్మా అన్నాను. ఆవిడకు నేనేం చెబుతున్నానో సగమే అర్థమైంది. "దానికేందిలే పాపా, ఎండకు తాళలేక పోయింటావు. కూర్చో, నీళ్లు తాగు" అంది. ఆ ఇంట్లో పదకొండు మంది ఉన్నారు. నేను బస్టాండులో నలుగురిని పుట్టించి వదిలేశాను. ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా ఊహించి ఒక్క గడి కూడా నింపలేదు. నింపిన వాళ్లను పట్టుకోవడం మాత్రం బాగా వచ్చింది. ఆ విద్య విశ్వనాథం గారిదే.

ముసలివాళ్లు లేని ఊరు

నా అసలు తప్పు కుర్రతనంలో చేసింది కాదు. నాకు అన్నీ వచ్చునని అందరూ అనుకుంటున్నప్పుడు, నేను కూడా అనుకుంటున్నప్పుడు చేసింది.

ఒక ట్రస్టు వాళ్లు పల్లెల్లో ముసలివాళ్లకు మధ్యాహ్నం వేడి భోజనం పెట్టే కేంద్రాలు తెరుస్తామన్నారు. అన్ని ఊళ్లకూ పెట్టలేరు, కొన్ని ఊళ్లకే. సరిగ్గా తిండి అందని ముసలివాళ్లు ఏ ఊళ్లలో ఎక్కువున్నారో తేల్చి వరుసగా రాసివ్వమని మా కేంద్రాన్ని అడిగారు. త్రిపురాంతకం, తర్లుపాడు, గిద్దలూరు వైపు ఊళ్లు మావి. అప్పటికి విశ్వనాథం గారు రిటైరయ్యారు. మా బాస్ సుధాకర్ గారు. నాకన్నా పదిహేనేళ్లు చిన్న. కంప్యూటర్ మీద లెక్కలు చేయడంలో దిట్ట, మనిషి నెమ్మది, కొంచెం భయస్తుడు.

సర్వేలో మొదట తేల్చుకోవలసింది కుటుంబం అంటే ఎవరని. దానికి పుస్తకాల్లో ఒక నిర్వచనం ఉంది. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లు ఒక కుటుంబం. గడిచిన ఏడాదిలో కనీసం ఆరు నెలలు ఆ పొయ్యి మీద తిన్న మనిషినే ఆ కుటుంబంలో రాయాలి. అంతకన్నా తక్కువైతే ఆ మనిషి అతిథి. అతిథుల గడిలో ఒక అంకె వేస్తే చాలు, పేరు రాయక్కర్లేదు. చదువుతుంటే తప్పు పట్టడానికేమీ కనబడదు. నేనూ పట్టలేదు.

ఇప్పుడు మా వైపు సంగతి చెబుతాను. కొడుకులు వేరుపడేటప్పుడు పెద్దమనుషులు కూర్చుని భూమి పంచుతారు, గొడ్లను పంచుతారు, ఆఖరున తల్లి తిండి పంచుతారు. దానిని వంతు అంటారు. ముగ్గురు కొడుకులుంటే ఒక్కో ఇంట్లో ఒక్కో నెల. అమావాస్యకు ఇల్లు మారుతుంది. ముసలమ్మ గుడ్డల మూట, కంచం తీసుకుని ఈ గడప దిగి ఆ గడప ఎక్కుతుంది. ఏడాదిలో ఒక్కో ఇంట్లో నాలుగు నెలలు. ఇక నిర్వచనం పెట్టి చూడండి. ఆరు నెలలు ఏ ఇంట్లోనూ లేదు. అంటే మూడిళ్లలో తింటున్న మనిషి ఏ ఇంటి మనిషీ కాదు.

ఇది నాకు తెలియదా? మా జేజి, అంటే మా నాయన తల్లి, అట్లాగే తిన్నది. ఆమె మూట మా చిన్నాయన ఇంటి నుంచి మా ఇంటికి నేనే మోసుకొచ్చేదాన్ని. ఫారం తయారు చేసేటప్పుడు సుధాకర్ గారు, "ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా ఏమైనా చేర్చాలా రత్నమ్మ గారూ?" అని అడిగారు కూడా. ఏమీ లేదు సార్ అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. వంతు అనేది ప్రత్యేకమైన సంగతని నాకు తోచనే లేదు. పక్క జిల్లా మనిషైతే మొదటి రోజే ఇదేమిటని అడిగేవాడు.

ఇన్వెస్టిగేటర్లు ఇంటింటికీ పోయారు. "మీ అమ్మ ఇక్కడే ఉంటుందా?" అంటే ఒక కొడుకు, "లేదు, ఇప్పుడు తమ్ముని వంతు" అన్నాడు. తమ్ముడు, "వంతుకొచ్చింది" అన్నాడు. మా పిల్లలు నిర్వచనం ప్రకారం అతిథి అని రాసుకున్నారు.

ఇద్దరు కొడుకులున్న చోట ఇంకో చిక్కు. అక్కడ ఒక్కో ఇంట్లో సరిగ్గా ఆరు నెలలు కాబట్టి తల్లి పేరు రెండిళ్లలోనూ వచ్చింది. మా కంప్యూటర్ విభాగంలో ఖాదర్ అని మార్కాపురం కుర్రాడే ఉండేవాడు, టైలర్ గారి అబ్బాయి, చురుకైనవాడు. ఒకే పేరు రెండు చోట్ల వస్తే పట్టుకునే ప్రోగ్రాం రాశాడు. ఆ జాబితా తెచ్చి, "అక్కా, వీళ్లందరూ రెండుసార్లు వస్తా ఉన్నారు, ఏం చేయమంటావు?" అని అడిగాడు.

బస్టాండు ఫారాల సంగతి నా బుర్రలో అట్లాగే ఉంది. ఎవరో ఊహించి రాశారనుకున్నాను. "అనుమానమున్నవి మనకొద్దు. రెండు చోట్లా తీసెయ్" అన్నాను. ఒక్క ఊరికి ఫోను చేసి అడిగినా సరిపోయేది. అడగలేదు. దొంగను పట్టే విద్య వచ్చాక అందరూ దొంగల్లాగే కనబడతారు.

ముగ్గురు కొడుకుల తల్లులను నిర్వచనం తీసేసింది. ఇద్దరు కొడుకుల తల్లులను నేను తీసేశాను. లెక్కలు తేలాక త్రిపురాంతకం దగ్గర ఒక ఊరు వరుసలో ఆఖరున నిలిచింది. ఊరి పేరు చెప్పను, అక్కడి వాళ్లు నొచ్చుకుంటారు. ఆ ఊళ్లో ముసలివాళ్లే దాదాపు లేరన్నట్టు వచ్చింది. భోజన కేంద్రం అక్కడికి రాదు. రిపోర్టు తయారైంది. సోమవారం ఒంగోలులో ట్రస్టు వాళ్ల మీటింగు.

తాళం వంతు

రిపోర్టు ఇచ్చే ముందు కొన్ని ఫారాలు పట్టుకుని సూపర్‌వైజర్ మళ్లీ ఊళ్లోకి పోయి సరిచూడాలి. అది మా కేంద్రంలో విశ్వనాథం గారు పెట్టిన పద్ధతి. గురువారం పొద్దున నేను ఆ ఊరికి పోయాను. ఒక ఫారం మీద 'తాళం' అని రాసి ఉంది. ఇంట్లో ఎవరూ లేకపోతే అట్లా రాసి పక్కింటికి పోతారు. ఆ ఇల్లు చూద్దామని పోతే, తలుపుకు తాళం ఉంది. అరుగు కింద మూడు రాళ్లు పెట్టి, చిన్న సత్తుగిన్నెలో ఒక ముసలమ్మ సంగటి కెలుకుతోంది.

"ఈ ఇంటోళ్లు యాడికి పోయినారవ్వా?" అని అడిగాను.

"నా చిన్నకొడుకుదే పాపా ఈ ఇల్లు. పెండ్లాము మొగుడు మిరపకాయల కోతకు పోయినారు, గుంటూరు పక్కకు."

"మరి నువ్వేంది ఈడ వండుకుంటున్నావు?"

"ఈ నెల వీని వంతు."

నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. పేరు ఓబులమ్మ. ఎదురిల్లు పెద్దకొడుకుది, వీధి మలుపులో ఉన్నది నడిపి కొడుకుది, అంటే రెండోవాడిది. పోయిన నెల నడిపి కొడుకు ఇంట్లో తిన్నది. వచ్చే అమావాస్యకు పెద్దకొడుకు ఇంటికి పోవాలి.

"ఈ నెల వాళ్లిద్దరిలో ఎవరూ పిలవలేదా?"

"ఎట్ల పిలుస్తారు? వీని వంతు వాళ్లు మోసినట్లు అయితాది గదా. రేపు దాని మీద పంచాయితీ అయితాది. కొడుకులు చెడ్డోళ్లు కాదు పాపా. లెక్క తప్పరు, అంతే." గిన్నె దించి నవ్వింది. "పోయిన నెల నడిపోని వంతు, వచ్చే నెల పెద్దోని వంతు. ఈ నెల తాళం వంతు."

ఇల్లు మారే రోజు సంగతి కూడా ఆమే చెప్పింది. దిగే ఇంట్లో పొద్దున పెడతారు. ఎక్కే ఇంట్లో మర్నాటి నుంచి లెక్క. మధ్యలో ఆ పూట ఎవరిదీ కాదు. ఆ పూట టీ బంకులో బన్ను తింటుందట. అదేదో తన ముచ్చటైనట్టు చెప్పింది. నేను ఎన్నేళ్లుగానో మనుషుల తిండి లెక్కలు రాస్తున్నాను. ఆ పూట సంగతి నాకు తెలియదు. మా జేజి కూడా ఆ పూట పస్తుండేదేమో. మూట మోసుకొచ్చిన దాన్ని నేను, తిన్నావా జేజీ అని ఎప్పుడూ అడగలేదు.

"మొన్న మీ పిల్లలు కాగితాలు పట్టుకోని తిరిగినారే," అంది ఓబులమ్మ. "దాంట్లో నేనుండానా?"

సంచిలో ఉన్న ఆ వీధి ఫారాల్లోంచి ఆమె కొడుకులవి మూడూ తీసి చూశాను. పెద్దకొడుకు ఫారంలో లేదు. నడిపి కొడుకు ఫారంలో అతిథులు అన్న చోట ఒకటి అని ఉంది. చిన్నకొడుకుది తాళం. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నీ పేరు లేదవ్వా."

"మూడిండ్లల్ల తింటి. ఒక్కింట్లో గూడా లేకపోతినా" అంది. కోపం లేదు, ఏడుపు లేదు. ఎవరో పక్క ఊరి మనిషి గురించి విన్నట్టు ఉంది. గిన్నె నా వైపు జరిపి, "రా, నువ్వూ రెండు ముద్దలు తిను" అంది. తిన్నాను. సిగ్గుతో తిన్నాను.

సారు కోపం

మార్కాపురం వచ్చి నేరుగా ఖాదర్ దగ్గరికి పోయాను. ఆ రోజు తీసేయించిన పేర్లు మళ్లీ వస్తాయా అని అడిగాను. "పారేయలేదక్కా. వేరే ఫైల్లో పెట్టినా" అన్నాడు. ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు, తనకు తోచే పెట్టాడు. కంప్యూటర్ ముందు కూర్చునే వాళ్లు ఈ ఒక్క అలవాటు నేర్చుకోండి. పెద్దవాళ్లు తీసెయ్ అంటే తీసేయండి, పారేయకండి.

తర్వాత సుధాకర్ గారి గదికి పోయాను. అంతా విన్నారు.

"నిర్వచనం మనది కాదు రత్నమ్మ గారూ. ప్రపంచమంతా వాడేదే. మన తప్పు అనడానికి లేదు" అన్నారు.

"ప్రపంచంలో వంతులున్నాయో లేవో నాకు తెలియదు సార్. ఇక్కడున్నాయి."

"మీకు ముందే తెలుసు కదా. నేను అడిగాను కూడా. అప్పుడెందుకు చెప్పలేదు?"

అది ప్రత్యేకమని నాకు తోచలేదు సార్ అన్నాను. మనం పుట్టి పెరిగిన చోట మనకు కనబడనివే ఎక్కువ ఉంటాయి. స్థానికులం కాబట్టి అంతా తెలుసని ఇంటర్వ్యూలో చెప్పి ఉద్యోగం తెచ్చుకునే పిల్లలు ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి.

తప్పు నాదేనని, సంతకం పెట్టి రిపోర్టులో ఒక పేజీ రాస్తానని అన్నాను. దానితో ఆయనకు కోపం వచ్చింది. "మీరు నాలుగేళ్లలో రిటైరై ఇంటికెళ్తారు. ఇక్కడ ఉండాల్సింది నేను. ట్రస్టు వాళ్లు మళ్లీ మనకు పని ఇస్తారా? ఇదే డేటాతో రాసిన వ్యాసం పత్రికకు పంపేశాను, దానికేం చెప్పను?" అన్నారు. అందులో తప్పేమీ లేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. కానీ సోమవారం ఆ వరుస ఒంగోలు పోతే ఆ ఊరికి కేంద్రం రాదు, ఇక ఎప్పటికీ రాదు. ఇంటికొచ్చేశాను.

శుక్రవారం పొద్దున ఏడింటికి సారు నుంచి ఫోను. "త్రిపురాంతకం బస్సు ఎన్నింటికండీ?"

ఇద్దరం పోయాం. ఓబులమ్మ ఆ అరుగు మీదే ఉంది. సారు కుర్చీ కోసం అటూ ఇటూ చూసి, లేదని తెలిసి, అరుగు మీదే కూర్చున్నారు. ఆయన ప్రశ్నలు అడగడానికి డైరీ తీశారు. ఓబులమ్మ తనే ముందు అడిగింది.

"మీ అమ్మ ఉండాదా నాయనా?"

"ఉందమ్మా."

"ఎవరింట్ల తింటాది?"

సారు మామూలుగానే మొదలుపెట్టారు. "అన్నయ్య దగ్గర హైదరాబాదులో నాలుగు నెలలు ఉంటుంది. తమ్ముడు బెంగళూరులో, అక్కడ నాలుగు నెలలు. మా దగ్గర..." అక్కడ ఆగిపోయారు. డైరీ మూసేశారు.

"తాళం ఉంటాదా యాడన్నా?" అని అడిగింది ఓబులమ్మ. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"ఉండదమ్మా. ఎవరో ఒకరు ఉంటారు."

"అయితే మంచిదే" అంది.

తిరుగు బస్సులో ఆయనే ఇద్దరికీ టికెట్లు తీసుకున్నారు. తర్వాత, "మా అమ్మని కూడా మన ఫారంలో ఎక్కడా రాయలేం కదండీ" అన్నారు.

"రాయలేం సార్."

సోమవారం ఒంగోలులో ఆయనే లేచి, లెక్క తప్పింది, మాకు రెండు వారాలు కావాలి అని అడిగారు. ట్రస్టు పెద్దాయన ముఖం చిట్లించి, సరేనన్నాడట. నేను బయట వరండాలో కూర్చున్నాను, ఖాదర్ వచ్చి చెప్పాడు. ఆ రెండు వారాలు మేం పడ్డ పాట్లు రాయను. ప్రతి ఫారంలో అతిథుల గడి తీసి చూశాం. ప్రతి ఇంటికీ మళ్లీ పోయి, వంతుకు వచ్చి తినేవాళ్లు ఎవరున్నారని ఒకే ఒక్క ప్రశ్న అడిగాం. తాళం వేసిన ఇళ్ల అరుగులు కూడా చూశాం. వంతు తిండి వాళ్లను ఏ కొడుకు కిందా రాయకుండా, ఒక్కొక్కరినీ ఒక్కో కుటుంబంగా రాశాం. ఆఖరున ఉన్న ఊరు వరుసలో మొదటికి వచ్చింది. సారు పత్రిక నుంచి వ్యాసం వెనక్కి తెప్పించుకుని, ఈ తప్పు మీదే కొత్త వ్యాసం రాశారు. అందులో 'మా తప్పు' అని రాశారు, 'రత్నమ్మ తప్పు' అని రాయలేదు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు గౌరవం ఇప్పటికీ ఉంది.

రిజిస్టరు

ఆ ఊళ్లో పాత పాల కేంద్రం గదిలో భోజనాలు మొదలయ్యాయి. దాంతో అందరి ఆకలీ తీరిపోయిందని మీకు చెప్పను. మధ్యాహ్నం అక్కడ పెడుతున్నారు కదా అని రెండు మూడు ఇళ్ల వాళ్లు వంతులో ఆ పూట తగ్గించేశారు. మేం అది ఊహించలేదు. ట్రస్టు వాళ్లు ఇంటింటికీ తిరిగి నచ్చజెప్పవలసి వచ్చింది. కొందరు విన్నారు, కొందరు వినలేదు. మంచి చేయబోయినప్పుడు పక్కన ఇంకేదో కదులుతుంది. అది కూడా పోయి చూడటం మన పనేనని నాకు అప్పటికి గానీ తెలియలేదు.

మొదటి రోజు మాత్రం నాకు బాగా గుర్తు. పేర్లు రాసుకోవడానికి ఎవరూ లేరంటే రిజిస్టరు పట్టుకుని నేనే కూర్చున్నాను. పేరు, వయసు, ఇంటి పెద్ద పేరు, ఇవీ అందులో గడులు. ముసలివాళ్లు కంచాలు తెచ్చుకుని వరుసగా నిలబడ్డారు. వింత చూడటానికి కోడళ్లూ వచ్చారు. ఓబులమ్మ వంతు వచ్చింది.

"ఇంటి పెద్ద ఎవరి పేరు రాయమంటావవ్వా?"

ఆమె నోరు తెరిచేలోపు నడిపి కోడలు ముందుకొచ్చింది. "మా ఆయన పేరు రాయండి మేడం. ఈ నెల మా ఇంట్లనే ఉండేది."

పెద్దకోడలు ఊరుకోలేదు. "పెద్దకొడుకు ఉండంగ నడిపోని పేరు ఎట్ల రాస్తారు? మా ఆయన పేరు రాయాల."

ఓబులమ్మ ఇద్దరినీ ఒకసారి చూసింది. తొందరపడలేదు. వెనక వరుస ఆగిపోయింది. వంట గదిలోంచి పప్పు వాసన వస్తోంది. కంచం ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది.

"నా పేరే రాయి పాపా" అంది.

రాశాను. పేరు ఓబులమ్మ. ఇంటి పెద్ద ఓబులమ్మ.

"సదువు."

చదివాను.

"ఇంగోసారి సదువు. వీండ్లిద్దరికీ వినపడాల."

ఈసారి గట్టిగా చదివాను. ఓబులమ్మ తలాడించి, లోపలికి పోయి, మొదటి పంక్తిలో కూర్చుంది.